ఆరిపోయిందా? నిద్రపోయిందా?

అభిమన్యుడికి పద్మవ్యూహం లోపలికి చొచ్చుకుపోవడం తెలుసును గాని బయటపడడం తెలియదంటారు. కంప్యూటరు ముందు కూర్చునే మనలో చాలామంది పని ఇంచుమించు అల్లాగే వుంది. లోపలికి పోవడానికి ఒకే ఒక బొత్తాం. నొక్కితే చాలు, దీపం వెలుగుతుంది, లోపల పంకా తిరుగుతుంది, కాసేపటికి తెరమీద బొమ్మలు బారులు తీరతాయి. పని ముగించుకుని లేవబోయేసరికి వస్తుంది చిక్కు. షట్ డౌన్ అని ఒకటి, రీస్టార్ట్ అని ఒకటి, స్లీప్, హైబర్నేట్, లాక్, సైన్ అవుట్, స్విచ్ యూజర్... వెరసి ఏడు తలుపులు! ఏది తీసినా మన పని కళ్ళముందునుంచి మాయమవుతుంది. కనక అన్నీ ఒకటే కాబోలు, పేర్లే వేరనుకుని చేతికందినది నొక్కి లేచిపోయేవారు కొందరు. ఏది నొక్కితే ఏం ముంచుకొస్తుందోనని గోడమీది స్విచ్చి కట్టేసి దణ్ణం పెట్టేవారు మరికొందరు. ఈ రెండో తెగవారి ఉత్తరాలు ఈమధ్య ఈ శీర్షికకు ఎక్కువైనాయి. అంచేత ఈ వారం ఆ ఏడు తలుపుల సంగతే చూద్దాం.

తలుపులు ఏడైనా అవి మనల్ని అడిగే ప్రశ్నలు రెండే. యంత్రానికి కరెంటు వుండాలా, పోవాలా అన్నది ఒకటి. మీరు కూర్చున్న కూర్చోడం ముగిసిందా, లేదా అన్నది రెండోది. ఈ తేడా మెనూలోనే కనబడుతుంది, కాస్త నిదానించి చూడాలి గాని. విండోస్ యంత్రంలో స్టార్టు మెనూ తెరిస్తే కరెంటు గుర్తు కింద స్లీప్, షట్ డౌన్, రీస్టార్ట్ వుంటాయి. లాక్, సైన్ అవుట్ కావాలంటే చాలావాటిలో మీ పేరు మీదనో, మీ బొమ్మ మీదనో నొక్కాలి. మరీ కొత్తవాటిలో సైన్ అవుట్ పక్కనున్న మూడు చుక్కల చాటున దాక్కుని వుంటుంది. మొదటి జట్టు యంత్రానికి చెప్పే మాట. రెండోది మీ గురించి చెప్పే మాట.

ఈ కూర్చోడాన్నే ఇంగ్లీషులో సెషన్ అన్నారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం అచ్చంగా కూర్చోవడమే. శాసనసభ సెషన్ అన్నా, సెషన్సు కోర్టు అన్నా ఆ కూర్చోడమే. సభ ముగిసినంత మాత్రాన శాసనసభ భవనం కూలదొయ్యరు గదా! సభ్యులు లేచి వెళతారు, భవనం నిలిచే వుంటుంది. సైన్ అవుట్ కూడా అంతే. మీరు తెరిచిన కాగితాలన్నీ మూసి, మీ సరంజామా కట్టిపెట్టి మిమ్మల్ని సాగనంపుతుంది. యంత్రం మాత్రం వెలుగుతూనే వుంటుంది.

ఇంట్లో ఒకే మనిషి వాడే పెట్టెకు ఈ తతంగం ఎందుకని అడగవచ్చు. ఇది పుట్టినది ఇళ్ళలో కాదు మరి. ఒకప్పుడు కంప్యూటరంటే గదినిండా వుండే యంత్రం, గంటకింతని ఖరీదుకట్టి వాడుకునే వస్తువు. 1961లో అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కార్బటో అనే ఆయనా, ఆయన సహచరులూ కలిసి ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకునే ఏర్పాటొకటి చేసి చూపించారు. దానిపేరు సి.టి.ఎస్.ఎస్. పదిమంది పంచుకునే వస్తువు కనక, ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో, ఎంతసేపు వాడారో లెక్క వుండాలి. వచ్చేవాడు లాగిన్ అనాలి, సంకేతపదం చెప్పాలి. పోయేవాడు లాగవుట్ అనాలి. అక్కడ ఎవరైనా వెళుతూ వెళుతూ యంత్రాన్నే ఆర్పేస్తే మిగతావారు ఊరుకుంటారా? ఆ ఉమ్మడి కుటుంబపు మర్యాదే మన మేజామీది పెట్టెదాకా వచ్చింది.

ఇహ నిద్ర సంగతి. ఇది అర్థం కావాలంటే యంత్రం కడుపులో రెండు చోట్లున్నాయని తెలియాలి. ఒకటి బల్ల, ఒకటి బీరువా. మీరు ఉత్తరం రాస్తున్నంతసేపూ ఆ ఉత్తరం బల్లమీద వుంటుంది. సేవ్ అని నొక్కితే దాని ప్రతి ఒకటి బీరువాలోకి పోతుంది. బీరువా అంటే డిస్కు. దానికి కరెంటుతో పనిలేదు, ఏళ్ళ తరబడి దాచినది దాచినట్టే వుంటుంది. బల్ల అంటే ర్యామ్ అనే జ్ఞాపకశక్తి. దాని తీరే వేరు. అందులో ఒక్కొక్క అక్షరమూ అతి చిన్న చిన్న విద్యుత్ పాత్రలలో పోసిన నీళ్ళ వంటిది. ఆ పాత్రలన్నిటికీ చిల్లే! పోసినది కారిపోతూ వుంటుంది కనక, సాధారణంగా 64 మిల్లీసెకండ్లకు ఒకసారి చొప్పున యంత్రం వాటిని మళ్ళీ నింపుతూ వుంటుంది. సెకనులో పదిహేనో వంతు! ఈ నింపుడు ఆగిందా, బల్లమీద వున్నదంతా తుడిచిపెట్టుకు పోతుంది.

స్లీప్ నొక్కితే యంత్రం దాదాపు అన్ని పనులూ మానుకుంటుంది. పంకా ఆగుతుంది, డిస్కు ఆగుతుంది, తెర నల్లబడుతుంది. పాత్రలు నింపే ఆ ఒక్క పనీ మాత్రం మానదు. అందుకోసం కొద్దిపాటి కరెంటు తాగుతూనే వుంటుంది. అది కోడినిద్ర. మీట తాకగానే క్షణంలో లేచి, మీరు సగంలో విడిచిపెట్టిన వాక్యాన్ని సగంలోనే చూపిస్తుంది. అల్లా చూపించడమే దాని అందమూ, దాని ప్రమాదమూ కూడాను.

మా వియ్యంకులవారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. తెనాలికి దగ్గిరలో ఒక పల్లెటూళ్ళో కాపురం. వారి తల్లిగారికి అప్పటికి ఎనభైఆరేళ్ళు. చూపు ఆనదు గాని గొంతు మాత్రం కంచుగంట. బంతులాట పాటలూ, అలకపాటలూ, తలుపు దగ్గర పాటలూ, అప్పగింతల పాటలూ, ఒక పెళ్ళికి కావలసినవన్నీ ఆవిడ నోటనే వుండేవి. 2017 వేసవిలో బావగారు పట్టుదలగా కూర్చుని, రోజుకు మూడో నాలుగో చొప్పున అమ్మ చేత పాడించుకుని, కంప్యూటరులో ఎక్కించడం మొదలుపెట్టారు. సాదా నోట్‌ప్యాడులో ఒకే పొడుగాటి కాగితం. పొద్దుపోగానే స్లీప్ నొక్కేవారు. తెల్లవారి మీట తాకితే నిన్నటి పాట నిన్నటిచోటనే వుండేది. పదకొండు రోజులు అల్లాగే వుంది. వుంటున్నది గదా అని సేవ్ అనే మాట వారికి తోచనేలేదు. పన్నెండోనాటి రాత్రి గాలివాన వచ్చి ఊరంతా కరెంటు పోయింది. తెల్లవారి చూస్తే యంత్రం మామూలుగానే వెలిగింది. పాటలు లేవు.

“ఆపలేదండీ బావగారూ, నేను ఆపలేదు. నిద్రపుచ్చాను. నిద్రలోనే పోయింది!” అని ఆయన ఫోనులో అన్న గొంతు ఇప్పటికీ నాకు వినబడుతూనే వుంటుంది.

ముప్ఫైఎనిమిది పాటలు. తల్లిగారు కోప్పడలేదు. మళ్ళీ మొదటినుంచీ పాడారు. ముప్ఫైఒకటి వచ్చాయి. తక్కిన ఏడూ ఎంత తడుముకున్నా నోటికి రాలేదు. “ఒకసారి నీ చేతిలో పెట్టాక ఇహ నేను మోసుకు తిరగడం ఎందుకని దింపేసుకున్నాను నాయనా” అన్నారట. ఆ మరుసటి ఏడే ఆవిడ కాలం చేశారు.

మేజామీది యంత్రాలకు ఇల్లాంటి ఆపద రాకుండా విండోస్ విస్టా నాటినుంచీ ఒక మధ్యేమార్గం వుంది. నిద్రపోబోయే ముందు బల్లమీది కాగితాలకు నకలొకటి బీరువాలో కూడా పెట్టుకుని నిద్రపోవడం. హైబ్రిడ్ స్లీప్ అంటారు. బావగారి పెట్టెలో దాన్ని ఎవరో కట్టేసి వుంచారు. అది అన్ని యంత్రాలలోనూ వుండదు, వున్నదీ లేనిదీ మెనూలో కనబడదు. ఒళ్ళో పెట్టుకునే లాప్‌టాపుకైతే లోపల బ్యాటరీ వుంటుంది కనక కరెంటు పోయినా కొంత గడువిస్తుంది. మేజామీది పెట్టెకు ఆ భాగ్యం లేదు. యు.పి.ఎస్. లేని ఇంట్లో, గాలివానల రోజుల్లో, స్లీప్ అన్నది కాఫీ తాగి వచ్చేందుకు మాత్రమే పనికొచ్చే తలుపు.

రాత్రికి రాత్రి కావలసినది హైబర్నేట్. ఇది ఊర్మిళాదేవి నిద్ర. బల్లమీద వున్నదంతా, తెరిచిన కాగితాలతో సహా, బీరువాలో ఒక పెద్ద ఫైలుగా దాచి, తరువాత యంత్రం పూర్తిగా ఆరిపోతుంది. తీగె ఊడబీకినా భయంలేదు. పద్నాలుగేళ్ళ మాట నేను పూచీపడలేను గాని, వారం తరువాత వచ్చి బొత్తాం నొక్కినా కాగితాలు వున్నవి వున్నట్టే మళ్ళీ బల్లమీదికి వస్తాయి. లేవడానికి స్లీప్ కన్న కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే తేడా. ఇంత మంచి తలుపును విండోస్ వారు మామూలుగా మెనూలో చూపించరు! కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, కరెంటు బొత్తాం నొక్కితే ఏం జరగాలో చెప్పే చోటికి వెళ్ళి, హైబర్నేట్ ఎదురుగా టిక్కు పెట్టుకోవాలి. ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లవాడుంటే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు వాడిచేత వెచ్చింపించండి.

షట్ డౌన్ అందరికీ తెలిసినదే అనుకుంటాం. విండోస్ 95 వచ్చిన 1995లో దీన్ని చూసి లోకం నవ్వింది. ఆపడానికి స్టార్టు నొక్కమంటాడేమిటి వీడు అని! ఆ రోజుల పెట్టెలలో చాలావాటిని యంత్రం తనంతట తాను ఆర్పుకోలేకపోయేది. పని అంతా సర్దుకుని, నల్లటి తెరమీద నారింజరంగు అక్షరాలతో, ఇప్పుడు మీరు నిర్భయంగా ఆపుకోవచ్చునని రాసి ఊరుకునేది. అప్పుడు మనం చెయ్యిచాచి స్విచ్చి కట్టేవాళ్ళం. అదే 1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అనే కొత్త పద్ధతి తెచ్చాక, కరెంటు కట్టే అధికారం యంత్రానికే దఖలుపడింది. అప్పటినుంచీ పెట్టె ముఖానవున్న బొత్తాం ఒట్టి పిలుపుగంటే. నొక్కితే యంత్రానికి కబురు వెడుతుంది, చేసేది అదే. నాలుగు సెకండ్లకు పైగా అదిమిపట్టి వుంచితే మాత్రం అడగడాలూ చెప్పడాలూ లేకుండా ఆరిపోతుంది. బిగుసుకుపోయిన యంత్రానికి చివరి మందు అది. షట్ డౌన్ నొక్కినప్పుడు యంత్రం ప్రతి ప్రోగ్రామునూ పేరుపేరునా పిలిచి, దాచుకోవలసినదేమైనా వుంటే దాచుకోమని చెప్పి, బీరువాలో సగంలోవున్న రాతలు పూర్తిచేసి తాళం వేస్తుంది. గోడస్విచ్చి కట్టి దణ్ణం పెట్టేవారు ఈ సర్దుడు ఏదీ జరగనివ్వరన్నమాట.

ఏడు తలుపుల చిక్కు పెద్ద పెద్దవారినే తికమక పెట్టింది. 2006లో, విస్టా బజారులోకి రాబోతున్నప్పుడు, జోయెల్ స్పోల్‌స్కీ అనే ప్రోగ్రాముల నిపుణుడు ఆ మెనూ ముందు కూర్చుని లెక్కబెట్టాడు. ఏడు మాటలు, రెండు గుర్తులు, వెరసి తొమ్మిది. లాప్‌టాపు మూతా, బొత్తామూ, మీటలూ కలిపితే పదిహేను దారులు. ఇన్ని ఎందుకయ్యా అని ఆయన కోప్పడ్డాడు. దానికి జవాబు ఆ మెనూ మీద ఏడాదిపాటు పనిచేసిన మోయిషే లెట్విన్ అనే ఆయనే రాశాడు. అందులో మాటచెల్లే మనుషులు తన లెక్కకు 43 మంది తేలారట! పెళ్ళికి పిలవవలసిన బంధువుల జాబితా రాసినట్టే, ఎవరినీ వదలడానికి వీల్లేకపోయింది. అన్నిటికన్న విడ్డూరం, ఆ విస్టాలో కరెంటు గుర్తున్న బొత్తాం నొక్కితే యంత్రం ఆరేది కాదు, నిద్రపోయేది. 2009లో విండోస్ 7 వచ్చినప్పుడు ఆ గుర్తు తీసేసి షట్ డౌన్ అని అక్షరాలా రాశారు. బతికాంరా అనుకునేలోగా 2012లో విండోస్ 8 వచ్చి, అసలు తలుపే పక్కగోడలో దాచింది. మళ్ళీ కళ్ళబడేచోటికి తేవడానికి 2014 ఏప్రిల్ దాకా పట్టింది.

ఆ విండోస్ 8తోనే మరో మార్పు వచ్చింది. ఇది నూటికి తొంభైమందికి తెలియదని నా అనుమానం. యంత్రం తొందరగా లేవాలని, షట్ డౌన్ నొక్కినప్పుడు మీ కూర్చోడాన్ని మాత్రం పూర్తిగా ముగించి, యంత్రపు సొంత కాగితాలను ఊర్మిళ నిద్రలోనే వుంచడం మొదలుపెట్టారు. ఫాస్ట్ స్టార్టప్ అంటారు. అంటే నేడు చాలా యంత్రాలలో షట్ డౌన్ నొక్కినా మర్నాడు లేచేది నిన్నటి యంత్రమే. నమ్మకం లేకపోతే కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మూడు మీటలూ కలిపి నొక్కి టాస్క్ మేనేజరు తెరవండి. పెర్ఫార్మెన్స్ అన్నచోట సి.పి.యు. కింద, యంత్రం ఎంతసేపటినుంచి మేలుకుని వుందో అప్ టైమ్ అని రాసి వుంటుంది. ప్రతి రాత్రీ బుద్ధిగా షట్ డౌన్ చేసే ఒక పెద్దమనిషి పెట్టెలో ఇరవైమూడు రోజులని రాసి వుండడం నేను కళ్ళారా చూశాను.

కనక యంత్రం మొరాయిస్తే, ప్రింటరు పలకకపోతే, ధ్వని రాకపోతే, షట్ డౌన్ చేసి మళ్ళీ వెలిగిస్తే చాలదు. రీస్టార్ట్ నొక్కాలి. నిజంగా తలస్నానం చేయించేది అదే. కొత్తసరుకు ఎక్కించుకోవడానికి యంత్రం రీస్టార్ట్ కోసం పేచీపెట్టేదీ ఇందుకే. షట్ డౌన్ తోనే పూర్తిగా ఆర్పాలనుకుంటే షిఫ్టు మీట పట్టుకుని షట్ డౌన్ నొక్కితే సరి. ఆ తరువాత కూడా గోడతీగె వున్నంతకాలం పెట్టెలో కొద్దిపాటి కరెంటు ఆడుతూనే వుంటుంది. లోపలి దుమ్ము దులపదలిస్తే తీగె ఊడదీసి మూత తియ్యండి.

ఇహ మిగిలినవి మనిషి తాలూకు మూడు తలుపులు. లాక్ అంటే గది తలుపుకు తాళం. లోపల దీపమూ వెలుగుతూనే వుంటుంది, అన్నమూ ఉడుకుతూనే వుంటుంది. మీరు దించుకుంటున్న ఫైలు దిగుతూనే వుంటుంది. విండోస్ మీటా, ఎల్ మీటా కలిపి నొక్కితే చాలు. ఆఫీసులో బల్ల వదిలి పదడుగులు వేసేవారు ఇది అలవాటు చేసుకోవాలి. స్విచ్ యూజర్ అంటే మీ గదికి తాళం వేసి పక్కగదిలోకి ఇంకొకరిని రానివ్వడం. ఇది 2001లో విండోస్ ఎక్స్.పి.తో ఇళ్ళలోకి వచ్చింది. మీ కాగితాలు మీ బల్లమీదే వుంటాయి, వాళ్ళవి వాళ్ళ బల్లమీద. చిక్కంతా ఆ రెండో మనిషి షట్ డౌన్ నొక్కినప్పుడు. ఇంకొకరు ఇంకా లోపల వున్నారు, ఇప్పుడు ఆర్పితే వారి పని పోవచ్చునని యంత్రం ఒక్కసారి హెచ్చరిస్తుంది. ఆ మాట చదవకుండా సరేననేవారే ఎక్కువ. కాలేజీ పిల్లా, ఇంటిపెద్దా ఒకే పెట్టె వాడే కొంపల్లో సగం కలహాలు ఈ గుమ్మంలోనే పుడతాయి. రెండో మనిషి వచ్చే ఇంట్లో లేచేముందు సేవ్ చేసి సైన్ అవుట్ చెయ్యండి.

ఊళ్ళో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళేవారికి మాత్రం ఈ ఏడు తలుపులూ చాలవు. అక్కడ చాలాచోట్ల వచ్చినవారందరినీ ఒకే పేరుమీద కూర్చోబెడతారు. యంత్రం దృష్టిలో మీరూ, మీ తరువాత వచ్చేవారూ ఒకే మనిషి. మీరు లేచి వెళ్ళినా, యంత్రాన్ని రీస్టార్ట్ చేసినా, మీ మెయిలు ఇంకా తెరిచే వుండవచ్చు. బ్యాంకు సంగతీ, పెన్షను కాగితాల సంగతీ అల్లాగే. ఆ సైటులోనే వుండే సైన్ అవుట్ నొక్కి, మళ్ళీ తెరిచి చూసి, సంకేతపదం అడుగుతున్నదని రూఢి చేసుకుని కుర్చీలోంచి లేవండి. వెనక క్యూలో ఎవరు ఎంత గొణిగినా సరే.

యాపిల్ వారి మాక్ వున్నవారు ఎడమచేతి పైమూలనున్న ఆపిల్‌పండు గుర్తు నొక్కితే ఈ తలుపులలో చాలామట్టుకు ఒకేచోట వుంటాయి. లినక్సు వారు స్లీప్‌ను సస్పెండ్ అంటారు, షట్ డౌన్‌ను పవర్ ఆఫ్ అంటారు. ఉద్యోగం సస్పెండయినట్టు కంగారు పడవలసిన పని లేదు.

ప్రింటరు కాగితం మింగి కక్కనంటున్నదని రాసినవారికి వచ్చేవారం.